ఎడమవైపు వెనక కాలు

మా ఆయన యాభై ఆరో ఏట చిన్నిల్లు పెట్టాడు. పోనీ చాటుగానా అంటే అదీ కాదు. మా గేటు పక్కనున్న ఖాళీ స్థలంలో, వీధిలో వచ్చేపోయే వాళ్ళందరూ ఆగి చూసేట్టు పెట్టాడు. దానికి రెండు చక్రాలు, మూడు కిటికీలు, ఒక తలుపు, ఒక గిన్నె కడిగితే రెండో గిన్నెకి చోటు చాలని సింకు. ఉన్న ఇంటికి సున్నం వేయించమని నాలుగేళ్ళుగా అడుగుతున్నాను, తీరిక దొరకలేదు. దీనికి మాత్రం వచ్చిన వారంలోనే రంగు వేయించాడు. లేత పసుపు. నాకిష్టమైన రంగని ఆయన అనుకుంటున్న రంగు.

దాన్ని కేంపర్ ట్రైలర్ అంటారట. కారు వెనక తగిలించుకుని ఎక్కడికి కావాలంటే అక్కడికి లాక్కుపోయి, రాత్రికి అందులోనే పడుకోవచ్చట. అల్వాల్‌లో ఎవరో అమ్ముతుంటే మా ఆయన హేమచంద్ర కొనుక్కొచ్చారు. రాంగోపాల్‌పేట్‌లో మోటారు పంపుల షాపు ఆయనది. పాతికేళ్ళుగా మల్కాజ్‌గిరి నుంచి షాపుకీ, షాపు నుంచి మల్కాజ్‌గిరికీ తిరగడమే ఆయన చేసిన దేశాటనం. అలాంటి మనిషికి ఉన్నట్టుండి అరకు పిలిచింది, హంపి పిలిచింది.

"మన కారు దీన్ని లాగగలదా?" అని అడిగాను.

"నువ్వు ముందే అపశకునం మాట్లాడకు సీతా" అన్నారు.

అప్పటినుంచి ఆ బండి గురించి మాట్లాడడం మానేశాను. అసలు చూడడమే మానేశాను. రోజూ దాని ముందు నుంచే కూరగాయలకి వెళ్తాను, అక్కడేమీ లేనట్టు నడుస్తాను. కానీ మొదటి ఆదివారం మాత్రం వంటింటి కిటికీలోంచి ఒక దృశ్యం చూశాను, దాచను. ఈయన దిండు చంకన పెట్టుకుని లోపలికెళ్ళి, వెనకవైపు మంచం మీద కాళ్ళు చాపుకున్నారు. బండికి చక్రాలు నడిమధ్యలో ఉంటాయి. కారు తగిలించనప్పుడు ముందువైపు చిన్న చక్రం ఒకటి దాన్ని మోస్తుంది. వెనక మోసేది ఏదీ లేదు. ఈయన బరువు వెనక పడగానే ముందు భాగం ఆవులించినట్టు మెల్లగా పైకి లేచింది. తలుపులోంచి దిండు బయటికొచ్చింది, దాని వెనకాల ఈయన. ఆ రోజు పులుసు మాడిపోయేదాకా నవ్వాను.

అలా తుకారాం వచ్చాడు.

స్టేషన్ రోడ్డులో వెల్డింగ్ షాపు అతనిది. మా కాలనీలో సగం గేట్లు, కిటికీ చువ్వలు అతని చేతివే. వచ్చి బండి కింద గొంతుక్కూర్చుని కాసేపు చూశాడు.

"ఇది తరాజు లెక్క ఉన్నది సార్. ఒక దిక్కు కూసుంటె ఇంకో దిక్కు లేస్తది. ఎనక రెండు కాళ్ళు గావాలె."

రెండు రోజుల్లో వెనక చెరో మూలకీ ఇనప కాలు బిగించాడు. జాకీ లాగా మర తిప్పితే కాలు దిగుతుంది, తిరగతిప్పితే ఎక్కుతుంది. కుడివైపు కాలు పాత సిమెంటు గచ్చు మీద నిలబడింది. ఎడమవైపు మాత్రం ఆమధ్య డ్రైనేజీ కోసం తవ్వి పూడ్చిన మెత్తటి మన్ను. కింద గట్టి చెక్క ఏదైనా వేయాలన్నాడు. మా ఆయన ఫోనులో ఎవరితోనో పంపు బేరం ఆడుతూ, స్టోర్ రూము వైపు చెయ్యి ఊపి, "లోపల ఏదో ఉంటుంది, చూసి తీసుకోవయ్యా" అన్నారు.

మర్నాడు పొద్దున ముగ్గు వేయడానికి వెళ్తే నాకు ఆ చెక్క కనబడింది. అది మా అత్తగారి పనస పీట.

దాని సంగతి చెప్పాలి. ఏటా శ్రావణమాసంలో వరలక్ష్మీవ్రతానికి కలశం ఆ పీట మీదే పెడతాను. మా అత్తగారు భీమవరం నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న పీట. దాని మీద ఎవర్నీ కూర్చోనిచ్చేవారు కాదు, సొంత కొడుకుని కూడా. అలాంటిది ఇప్పుడు దాని మీద ఇనప కాలు, చుట్టూ మట్టి, పక్కనే వీధికుక్క.

తుకారాం అప్పటికే వచ్చి బోల్టులు సరిచూస్తున్నాడు.

"ఈ పీట ఎక్కడిదయ్యా?" అన్నాను.

"మీ స్టోర్ రూంలదే అమ్మా. మస్తు గట్టిగున్నది. గిసొంటి చెక్క ఇప్పుడు దొరకది." మెచ్చుకుంటూ దాన్ని అరచేత్తో తట్టాడు. "జెర జూస్తుండున్రి. దీన్ని ఎవలూ కదిలియ్యొద్దు. ఇది తీసిన్రంటె బండి పండుకుంటది."

నాకు అర్థమైంది. ఇందులో అర్థం కాకపోవడానికేం లేదు. అప్పుడే చెప్పి ఉండొచ్చు, "నాయనా, ఇది పూజ పీట, ఇంకో చెక్క చూడు" అని. తెచ్చేవాడు. చెప్పలేదు. చెబితే ఆ బండికి ఏం కావాలో నేను ఆలోచిస్తున్నట్టు అవుతుంది. మా ఇంట్లో తప్పులు చేసే శాఖ ఆయనది, వాటిని గుర్తుపెట్టుకుని సమయానికి బయటికి తీసే శాఖ నాది. ఆ బండి నా శాఖకి పదేళ్ళకి సరిపడా సరుకు. దాన్ని బాగు చేసే పనిలో నేనెందుకు వేలు పెడతాను?

వ్రతం శుక్రవారం. పొద్దున్నే ఆయన స్నానానికి వెళ్ళగానే వెళ్ళి మర తిప్పాను. కాలు పైకి లేచింది, పీట వచ్చేసింది. కాలి అడుగున ఉన్న ఇనప రేకు అంచు దిగి, పీట మధ్యలో చంద్రవంక లాంటి గుంట పడింది. పీట ఉన్నచోట ఖాళీగా వదిలేయడానికి మనసొప్పలేదు, నేనేం రాక్షసిని కాదు. బాత్రూంలో బట్టలుతికేటప్పుడు కూర్చునే నీలం ప్లాస్టిక్ పీట తెచ్చి పెట్టాను. ఎనిమిదేళ్ళుగా అది నన్ను మోస్తోంది. నా బరువెంతో ఇక్కడ రాయను గానీ, నన్ను మోసింది ఒక ఖాళీ బండి మూలని మోయలేదా అనుకున్నాను. మర బిగించి, నీలం రంగు కనపడకుండా పైన గోనెపట్టా కప్పాను. డిగ్రీలో నాకు ఫిజిక్స్ ఉండేది. ఫస్టు క్లాసు కూడా.

పనస పీటని పసుపునీళ్ళతో కడిగి, గుంట మీద ముగ్గు పెట్టి, కొత్త జాకెట్టు ముక్క పరిచి, బియ్యం పోసి, కలశం నిలబెట్టాను. అమ్మవారు నిండుగా ఉన్నారు.

సాయంత్రం అయిదింటికి పేరంటాళ్ళు వచ్చారు. ఎదురింటి శారదమ్మగారు, ఆవిడ కోడలు అనుపమ, వెనక వీధి మాధురి, ఇంకో ఇద్దరు. శారదమ్మగారిది ఇక్కడి కుటుంబమే. మేం ఈ కాలనీకి వచ్చిన రోజు మాకు మొదట మంచినీళ్ళు ఇచ్చింది ఆవిడే. కాళ్ళకి పసుపు రాయించుకుంటూ అడిగారు:

"ఏంది సీతమ్మా, మీ ఆయన చిన్నిల్లు మాకు చూపియ్యవా ఏంది? ఊరంతా చూసింది, ఎదురింటోళ్ళం మేమే చూడలే."

"చూడ్డానికి అందులో ఏముందండీ? పెద్దిల్లు నేనున్నాను, నన్ను చూడండి."

"నిన్ను ఇరవై ఏండ్ల సంది చూస్తనే ఉన్న. గీ ఒక్కపాలి దాన్ని చూపియ్యి."

అందరూ నవ్వారు. నాకూ సరదా పుట్టింది. ఆ సింకు చూపించి, ఆ చీపురంత వెడల్పు దారి చూపించి, ఆయన అరకు యాత్ర గురించి నాలుగు మాటలు చెప్పి నవ్వించాలని. పీట సంగతి ఆ క్షణంలో నాకు గుర్తు లేదని చెప్పుకుంటే బాగుండును. గుర్తుంది. గోనెపట్టా పక్కనుంచే నడిచి, తలుపు తీసి, "రండి రండి" అన్నాను.

అయిదుగురూ శనగల సంచులతో, తాంబూలాలతో ఎక్కారు. నేను మెట్టు మీదే నిలబడ్డాను. వెనక కిటికీ దగ్గర మంచం, దానికి ఈయన కుట్టించిన పువ్వుల పరుపు. "అబ్బ, ఎంత ముద్దుగున్నదో!" అంటూ శారదమ్మగారు వెళ్ళి కూర్చున్నారు. ఆవిడ కూర్చుంటే మిగతా వాళ్ళు నిలబడతారా? అందరూ ఎడమ మూలకే చేరారు, అటువైపు కిటికీలోంచి మా మందార చెట్టు కనబడుతుందని.

కింద ఫట్‌మని చప్పుడైంది, పెద్ద అప్పడం విరిగినట్టు. నా కాళ్ళ కింద మెట్టు పైకి లేచింది. వెనక మూల ఒక్కసారిగా కిందికి కూలింది. అరుపులు, గాజుల చప్పుడు, నానబెట్టిన శనగలు నేల మీద వెనక్కి దొర్లుతున్న చప్పుడు. ఒకరి మీద ఒకరు పడ్డారు. అందరికంటే కింద శారదమ్మగారు పడ్డారు.

ఆవిడ అరవలేదు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, "సీతమ్మా, ఇది ఇరిగినట్టుంది" అన్నారు, నాకేదో సర్ది చెబుతున్నట్టు.

మా ఆయన పరుగెత్తుకొచ్చారు. కారు తీశారు. అనుపమ, మాధురి ఆవిడని పట్టుకుని ఎక్కించారు. నన్నూ రమ్మన్నారు.

"అమ్మవారి దగ్గర దీపం ఉంది, వదిలి రాకూడదు" అన్నాను.

కారు మలుపు తిరగ్గానే వెళ్ళి, గోనెపట్టా కింద పగిలిన నీలం ముక్కలన్నీ ఏరి, అదే పట్టాలో చుట్టి, వాషింగ్ మెషీన్ వెనక పెట్టాను. తర్వాత చేతులు కడుక్కుని దీపంలో నూనె పోశాను. దీపం ఉందన్నమాట అబద్ధం కాకుండా ఉండాలి కదా.

మణికట్టు దగ్గర ఎముక చిట్లిందట. ఆరు వారాలు కట్టు.

మర్నాడు పొద్దున తుకారాం వచ్చేసరికి మా ఆయన వరండాలోనే నిలబడి ఉన్నారు. ఆయన గొంతు అంత పైకి లేవగా నేనెప్పుడూ వినలేదు.

"పెద్దావిడ చెయ్యి విరిగిందయ్యా! అంతమంది ఆడవాళ్ళు. తల పగిలుంటే? కాలు మట్టి మీద నిలబెట్టి పోతావా?"

తుకారాం బండి కిందికి దూరి చూశాడు. బయటికి వచ్చి తల గోక్కున్నాడు.

"మట్టి మీద పెట్టలే సార్. చెక్క పెట్టిన. పీట."

"ఏదీ? ఎక్కడుందో చూపించు."

"గదే సమజైతలేదు. నేనే పెట్టిన, నా చేతులతోని." ఇటు తిరిగాడు. వంటింటి గుమ్మంలో నేను కాఫీ గ్లాసులతో నిలబడి ఉన్నాను. అతని మొహం తేటపడింది. "అమ్మ చూసింది సార్! ఎక్కడిదని అడిగింది గూడ. అమ్మా, జెర సార్‌కు చెప్పున్రి. ఆ పొద్దు మాట్లాడుకున్నం గదా మనం?"

నా వెనక, పది అడుగుల దూరంలో, పూజగదిలో ఆ పీట ఉంది. సాయంత్రం ఉద్వాసన చెప్పేదాకా కలశం కదపకూడదు. సాక్ష్యం మీద సాక్షాత్తు అమ్మవారినే కూర్చోబెట్టాను.

"నాకు గుర్తు లేదు తుకారాం" అన్నాను. "వ్రతం హడావిడిలో ఉన్నాను."

అతను నన్ను నిలదీయలేదు. అది నాకింకా కష్టమైంది. "అట్లనా అమ్మా" అని, నేలవైపు చూసి, మళ్ళీ బండి కిందికి వంగి చూశాడు, పీట ఈసారి కనిపిస్తుందేమోనన్నట్టు. కాఫీ తీసుకోలేదు.

మా ఆయన కాలనీ అసోసియేషన్‌కి సెక్రటరీ. పార్కులో పిల్లలకి ఉయ్యాలలు, జారుడుబల్ల పెట్టించాలని ఆర్నెల్లుగా అనుకుంటున్నారు. ఆ పని తుకారాంకే అని ఇంచుమించు ఖాయమైంది. వచ్చే ఆదివారం మీటింగులో పేరు రాయడమే మిగిలింది. మా ఆయన వాట్సాప్ గ్రూపులో జరిగినదంతా రాశారు. "అందరూ ఆలోచించండి" అని ముగించారు. కింద ముప్పై రెండు మంది చేతులు జోడించారు. ఆ చేతులు ఎవరికి జోడించారో గానీ, వాటిలో ఒక జత నాది. పెట్టకపోతే బాగుండదని పెట్టాను.

ఆ వారమంతా ఇంట్లో నేను చాలా మంచి మనిషిని. శారదమ్మగారింటికి పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పప్పు, సాయంత్రం పాయసం. ఆవిడ ఎడమచేత్తో తడుముకుంటూ తింటుంటే నేనే కలిపి పెట్టాను. "సొంత చెల్లె గూడ గిట్ల చెయ్యది సీతమ్మా" అన్నారు. ఆ ముద్ద తర్వాత ఇంటికొచ్చి నేనేమీ తినలేకపోయాను. ఆయన ఏం కూర చేసినా మెచ్చుకుంటున్నారు, నేనాయన్ని ఒక్క మాటా అనడం లేదు. ముప్పై ఏళ్ళలో ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేమని మురిసిపోయారు.

గురువారం మధ్యాహ్నం వీధిలో చప్పుడైతే బయటికి వచ్చాను. తుకారాం తన స్కూటీ మీద సిమెంటు సంచి తెచ్చుకుని, ఎడమ కాలు కింద మట్టి తవ్వి గచ్చు వేస్తున్నాడు. ఎవరూ పిలవలేదు.

"ఎందుకయ్యా ఈ ఎండలో?"

"అట్లనే ఇడిసిపెడితె నిద్ర పడతలేదమ్మా." తాపీతో సిమెంటు సాపు చేస్తూ, నావైపు చూడకుండా మాట్లాడాడు. "పదిహేనేండ్ల సంది పని చేస్తున్న. నేను పెట్టిన ఒక్క గేటు ఊడలే. గిప్పుడు పొద్దుగాల లేసి అన్ని తిరిగి చూసుకుంటున్న. స్కూలు గేటు, మీ వెనక గల్లీల వాటర్ ట్యాంకు స్టాండు, శారదమ్మోళ్ళ మెట్ల రెయిలింగు. ఏం పెట్టినట్టు యాదికుండి, ఏం పెట్టలేదో ఎవలికెరుక?"

"నువ్వు పెట్టే ఉంటావు" అన్నాను.

"పెడితె ఏడికి పోతదమ్మా?" అన్నాడు. వెటకారం లేదు. నిజంగానే నన్ను అడుగుతున్నాడు.

ఆ మాటకి జవాబు నా దగ్గర ఉంది. ఒకే ఒక్క ముక్క: పూజగదిలో. నోరు తెరిచాను. "మజ్జిగ తాగుతావా?" అన్నాను.

తాగాడు. గ్లాసు కడిగి మరీ గట్టు మీద పెట్టి వెళ్ళాడు.

అతని చేతులు చేసిన పనిని అతనే నమ్మకుండా చేశాను. శారదమ్మగారి ఎముక ఆరు వారాలకి అతుక్కుంటుందని డాక్టరు చెప్పాడు. దీనికి ఎన్ని వారాలో చెప్పే డాక్టరు ఎక్కడున్నాడో నాకు తెలియదు.

ఆయనకి చెప్పేద్దామని శుక్రవారం అనుకున్నాను, శనివారం అనుకున్నాను. శనివారం రాత్రి భోజనాల దగ్గర, "ఏవండీ, ఆ బండి..." అని మొదలుపెట్టాను. "అమ్మేస్తాన్లే సీతా. నువ్వు మొదట్నుంచీ చెబుతూనే ఉన్నావు. నీ మాట వినాల్సింది" అన్నారాయన, కంచంలోకి చూస్తూ. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ మాట కోసం ఎదురుచూశాను. తీరా వచ్చిన రోజు దాన్ని తీసుకోవడానికి నాకు చెయ్యి రాలేదు.

ఆదివారం పదింటికి కమ్యూనిటీ హాల్లో మీటింగు. మామూలుగా నేను వెళ్ళను. ఆ రోజు వెళ్ళి చివరి వరసలో కూర్చున్నాను. ముందు వరసలో శారదమ్మగారు, మెడకి కట్టిన గుడ్డలో చెయ్యి వేలాడేసుకుని. గోడ పక్కన తుకారాం, ఇస్త్రీ చొక్కాలో. చేతిలో చుట్ట చుట్టిన చార్టు కాగితం. ఉయ్యాలల బొమ్మ వేసుకొచ్చి ఉంటాడు.

ప్రెసిడెంటు బాబూరావుగారు గొంతు సవరించుకున్నారు.

"తుకారాం మనకి కొత్తవాడు కాదు, మంచివాడే. కానీ ఇది పిల్లలు ఎక్కే ఉయ్యాల. హేమచంద్రగారింట్లో జరిగింది చూశాక, ఇంకెవరినైనా చూసుకోవడం మేలని మా అభిప్రాయం. సెక్రటరీగారూ, మీరేమంటారు?"

మా ఆయన లేచారు. "నాకూ బాధగానే ఉంది. కానీ కళ్ళారా చూశాను. కాలు కింద ఏమీ లేదు."

తుకారాం గోడ దగ్గర్నుంచి ఒక అడుగు ముందుకి వచ్చాడు. చార్టు చంకలో పెట్టుకున్నాడు.

"సార్, నేనొక మాట జెప్తా. శారదమ్మకు నా వల్ల తక్లీఫ్ అయింది. చెక్క పెట్టిన అనే అనుకున్న. ఇన్ని దినాలు ఆలోచన జేసిన. పెట్టలేదేమో. మర్చిపోయి ఉంటా. తప్పు నాదే..."

"తుకారాం తప్పేమీ లేదండీ."

అది నా గొంతే. నేను నిలబడి ఉన్నాను. అందరూ వెనక్కి తిరిగారు.

బాబూరావుగారి మొహంలో ఒక చల్లటి నవ్వు వచ్చింది. "మీది మెత్తటి మనసమ్మా. మీ ఇంట్లో పూజ రోజు అంత జరిగినా అతన్నే వెనకేసుకొస్తున్నారు. గొప్ప విషయం."

"అవును, నిజంగా" అని మాధురి అంది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. మా ఆయన నావైపు గర్వంగా చూశారు. తుకారాం నాకు దణ్ణం పెట్టాడు.

అక్కడితో కూర్చోవచ్చు. మోకాళ్ళు సగం వంగాయి కూడా. కుర్చీ అంచు కాలికి తగిలింది.

"ఆగు సీతమ్మా" అన్నారు శారదమ్మగారు ముందు వరసలోంచి, మెడ తిప్పడం కష్టమై కుర్చీతో సహా తిరుగుతూ. "దయ గియ్య పక్కకు పెట్టు. నా చెయ్యి ఊకెనే ఇరగలే గదా. తుకారాంది కాదంటున్నవ్. మరి ఎవలది?"

"నాది" అన్నాను.

ఎవరికీ వినపడలేదనుకుంటాను. బాబూరావుగారు "ఆఁ?" అన్నారు.

"నాదండీ. తుకారాం చెక్క పీట పెట్టాడు, తియ్యొద్దని నాతో చెప్పాడు. నేనే తీశాను. దాని బదులు బాత్రూంలో ప్లాస్టిక్ పీట పెట్టాను. అది తెలిసే వీళ్ళందర్నీ లోపలికి పిలిచాను. విరిగాక ముక్కలు దాచాను. అతను ఈయన ముందు నన్ను సాక్ష్యం అడిగితే గుర్తు లేదన్నాను. గుర్తుంది. మొత్తం గుర్తుంది." మా ఆయన వైపు చూడలేకపోయాను, శారదమ్మగారి కట్టు వైపు చూడలేకపోయాను. తుకారాం వైపు తిరిగాను. "నువ్వు పెట్టావయ్యా. గట్టిగానే పెట్టావు. తప్పు నాది."